చెక్క గుడ్డు

సూదక్క మోకాళ్ళ మీద కూర్చుని కోడి కిందికి చెయ్యి పోనిచ్చింది. కోడి మెడ ఈకలు నిక్కబొడుచుకుని, గొంతులోంచి గుర్రుమని, మణికట్టు మీద ఒక్క పోటు పొడిచింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఈ పోటు రోజూ ఉండేదే.

“పొడువు, పొడువు. ఇంకా పొడిచే ఓపికుందన్నమాట,” అంది.

ఎర్ర కోడి అది. పెరట్లో తిరిగే నాలుగైదు కోళ్ళలో ఇదొక్కటే బుద్ధిమంతురాలని సూదక్క అత్తకు నమ్మకం. ఇలాంటి పిచ్చి బుద్ధిమంతులకే పడుతుంది. నెత్తి మీద తురాయి తెల్లగా వాలిపోయింది. రొమ్ము ఈకలు తనే పీక్కుంది. అక్కడి చర్మం జ్వరం వచ్చిన మనిషి నుదురులా కాలుతోంది. మామూలుగా పిల్లలు బయటికి రావలసిన రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఈ కోడి కింద నుంచి పిల్ల వచ్చే ప్రసక్తే లేదు. పెరట్లో పుంజే లేదు. పైగా అది పొదుగుతున్నది చెక్క గుడ్డును.

వానలు వెలిశాక కోళ్ళన్నీ గూడు మరిచి పక్కింటి కట్టెల మోపులో గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. గుడ్డు కనబడిన చోటే కోడి గుడ్డు పెడుతుందని, అత్త ఎవరినీ అడక్కుండా కోడలి కుట్టు పెట్టెలోంచి చెక్క గుడ్డు తీసి పెరటి షెడ్డులో పెట్టించింది. కోళ్ళన్నీ దారికొచ్చాయి. ఎర్ర కోడి మాత్రం దాని మీద కూర్చుని ఇక లేవలేదు.

నిజానికి ఆ గుడ్డు పని వేరు. చిరిగిన మేజోడులోనో, మోచేతి దగ్గర అరిగిన స్వెట్టరులోనో దాన్ని దూర్చి, బట్టను బిగువుగా పట్టి, చిరుగు మీద పోగు పోగూ అల్లుతారు. పెళ్ళైన కొత్తలో సూదక్క భర్త చేసిచ్చాడు. అతను ఈ షెడ్డులోనే లేత్ మిషను మీద చెక్క తిప్పి మంచం కోళ్ళూ, కుర్చీ కాళ్ళూ చేసేవాడు. “మా ఇంట్లో కోళ్ళు రెండు రకాలు. ఒక రకం గుడ్లు పెడతాయి, ఇంకో రకం మంచం మోస్తాయి,” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి, వాళ్ళకన్నా ముందు తనే నవ్వేవాడు. గుడ్డు కొసన ఉలి జారి చిన్న గీత పడింది. అరగదీస్తానంటే ఆమె ఊరుకోలేదు. కుట్టేటప్పుడు బొటనవేలు ఆనించుకోవడానికి బాగుంటుందని చెప్పింది. అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు.

ఒక వానాకాలం, కలప చూసి వస్తానని అతను ఏరు దాటాడు. సాయంత్రానికి పడవ తలకిందులుగా దొరికింది. అతను దొరకలేదు.

“చూసినవాళ్ళెవరు?” అంది అత్త.

చూసినవాళ్ళెవరూ లేరు. ఆ ఒక్క ప్రశ్న మీద ఆ ఇల్లు అలాగే నిలబడిపోయింది. వీధి తలుపుకి గడియ వేయడం మానేశారు. లేత్ మిషను కింద రాలిన చెక్క పొట్టు ఊడవకూడదు. పొద్దు గుంకే వేళ అత్త మంచం మీంచి తలెత్తి, “మిషను చప్పుడు వినబడుతోందా?” అని అడుగుతుంది. “వినబడుతోందత్తా,” అనాలి. సూదక్క జడ సగం నెరిసేదాకా అలాగే అంటూ వచ్చింది. మొదట్లో అది అబద్ధమే. తర్వాత్తర్వాత, అన్నం వారుస్తూనో బట్టలు మడతపెడుతూనో, నిజంగానే విన్నట్టు ఉలిక్కిపడేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎర్ర కోడి కూర్చున్నది ఆ పొట్టులోనే, ఆ మిషను కిందే.

“ఏమ్మా, ఇంకా లేవలేదా మహారాణి?” గోడ మీంచి పక్కింటి కంపౌండరు తల పెట్టాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి. కానీ ఈసారి పీకడానికేమీ దొరకలేదు. “ఇలా వదిలేస్తే ఎండి చస్తుంది. కడుపు చల్లబరచాలి. తొట్టి నీళ్ళల్లో ముంచి తియ్యి. అడుగున సందులున్న కూరగాయల ట్రే ఉంది కదా, దాన్ని ఇటుకల మీద పెట్టి అందులో మూసెయ్యి. కింద నుంచి గాలి తగలాలి, మెత్తటి చోటు దొరక్కూడదు. ముందు ఆ గుడ్డు తీసి పారెయ్యి.”

“తెలుసండీ.”

“తెలిస్తే మరి?”

ఆయన కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. “కోడికైతే నువ్వు చెప్పగలవు. ఆవిడకెవరు చెప్తారులే.”

కిటికీ అవతల మంచం మీద అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చలికాలం మొదలైనప్పటి నుంచి ఆ మంచం దిగడం తగ్గింది. తిండి కూడా తగ్గింది. పళ్ళెం ఎదురుగా పెడితే, “అది తిందా?” అని కోడి సంగతి అడుగుతుంది. తినలేదంటే తనూ పళ్ళెం పక్కకు నెడుతుంది.

“ఏమిటంటున్నాడు ఆయన?”

“కోడిని లేపమంటున్నారత్తా. లేకపోతే చచ్చిపోతుందట.”

“పొదిగేదాన్ని లేపితే పాపం. దాని టైమొస్తే అదే లేస్తుంది. ముట్టుకోకు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి. సూదక్క కోడి ముందు నీళ్ళ చిప్ప పెట్టి, గుప్పెడు గింజలు చల్లి, పాలగ్లాసు అత్త చేతికి అందేచోట ఉంచి పనికి బయల్దేరింది. తలుపు దగ్గరగా వేసింది. గడియ వెయ్యలేదు.

డ్రైక్లీనింగు దుకాణంలో వెనక గది ఆమెది. ఆవిరి వాసన, వేలాడే కోట్లు, కిటికీ పక్కన ఒక స్టూలు. ఆమె పేరు అక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. సూది పట్టుకుంటుంది కాబట్టి సూదక్క. ఆ రోజు సిగరెట్టు నిప్పు పడి కాలిన కోటు వచ్చింది. ఆమె లోపలి మడత విప్పి, అదే బట్టలోంచి పోగులు లాగింది. బయటి దారం ఎంత రంగు కలిసినా ఎండలో బయటపడుతుంది. ఏ బట్ట చిరుగుకు ఆ బట్ట పోగులే కావాలి. కింద నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, నేత ఎటు పోతే అటు సూదిని పోనిస్తూ అల్లుతుంది. పని అయ్యాక కోటు గలవాడు కూడా చిరుగెక్కడో వెతుక్కోవాలి.

కోటు ముగించి మేజోళ్ళు తీసుకుంది. చెక్క గుడ్డు లేదు కాబట్టి కొన్నాళ్ళుగా మాడిపోయిన బల్బుతో నెట్టుకొస్తోంది.

“అక్కా, స్విచ్ వెయ్యనా?” అంది ఇస్త్రీ పిల్ల.

“వెయ్యవే. నా కళ్ళు కూడా మాడిపోయాయి. రెండూ ఒకేసారి వెలుగుతాయి.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బల్బు మీద బొటనవేలు గీత కోసం వెతికి, జారింది. సూది వేలిలో దిగింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఎందరి చిరుగులనో కనబడకుండా చేసింది. ఇంట్లో ఉన్నదాన్ని కూడా అలాగే అల్లుకుంటూ వచ్చింది, అత్త కోసమే అనుకుంటూ. కోడి సంగతి గుర్తొచ్చింది. ఇవాళ అది పొడిచిన పోటు నిన్నటంత గట్టిగా లేదు. పొద్దున్నే ఆ సంగతి తెలిసింది. తెలిసీ పనికి వచ్చేసింది.

యజమానికి ఒంట్లో బాగాలేదని చెప్పి పెందలాడే ఇంటికి బయల్దేరింది.

షెడ్డులోకి వెళ్ళి చెయ్యి పెడితే కోడి పొడవలేదు. గుర్రుమనలేదు. మెడ ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను మూసుకుని ఉంది. చిప్పలో నీళ్ళు అలాగే ఉన్నాయి. సూదక్క ఇక ఎవరినీ అడగలేదు. రెండు చేతులతో కోడిని ఎత్తింది. బరువే లేదు. తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, ముందు దాని నోటికి వేలితో నీళ్ళు అందించింది. కోడి ఒక చుక్క మింగి, ఇంకో చుక్కకు మెడ చాపింది. అప్పుడు బోడి రొమ్మును నీళ్ళలో ఆనించింది. కోడి రెక్కలు ఒక్కసారి విదిల్చి ఆమె మొహం తడిపేసింది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇటుకల మీద ట్రే పెట్టి, కోడిని అందులో దించి, పైన ఇంకో ట్రే బోర్లించింది.

షెడ్డులోకి తిరిగి వచ్చి పొట్టులోంచి చెక్క గుడ్డు తీసుకుంది. అది వేడిగా ఉంది.

“తీసేశావా?”

అత్త కిటికీలోంచి అంతా చూసింది. సూదక్క లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడింది.

“తీసేశానత్తా. అది చెక్క. మీ అబ్బాయి చేసిన చెక్క. అందులోంచి ఏమీ రాదు.”

“నాకు తెలీదటే? నీకివ్వకముందు నాకే చూపించాడు. ఉలి జారిందమ్మా, తిడుతుందేమో అన్నాడు.”

“తెలిసీ మరి ఎందుకు కూర్చోనిచ్చారు?”

“దానికి తెలీదుగా,” అంది అత్త. “ఇటివ్వు.”

సూదక్క గుడ్డును ఆమె చేతిలో పెట్టింది. అత్త రెండు అరచేతుల మధ్యా దాచుకుని, ఉలి గీతను గోటితో రాసింది.

“వాడు రాడు కదూ?”

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు. సూదక్క గోడ వైపు చూసింది, తలుపు వైపు చూసింది. పోగు లాగడానికి ఎక్కడా మడత మిగల్లేదు.

“రాడత్తా.”

“ఆ మాట నువ్వంటావనే ఇన్నేళ్ళూ చూశానే. నేనంటే వాణ్ణి నేనే చంపినట్టుంటుందని.”

“నేనూ అదే అనుకున్నానత్తా. మీరంటారేమోనని చూశాను.”

అత్త చిన్నగా నవ్వింది. అలాంటి నవ్వు ఆ మొహం మీద సూదక్క చూసి చాలా కాలమైంది. “ఇద్దరం ఇద్దరమే. కోడిని అనుకుని ఏం లాభం? కోడి తాగిందా?”

“తాగింది.”

“అయితే నాక్కూడా ఇన్ని పాలు వెచ్చబెట్టు. వెళ్తూ వెళ్తూ ఆ తలుపుకి గడియ వెయ్యి. చలిగాలి.”

గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. సూదక్క రాయితో రెండు దెబ్బలు కొడితే గానీ కదల్లేదు. పాలు వెచ్చబెడుతూ వెనక కిటికీలోంచి చూసింది. కోడి ట్రేలో నిలబడి ఉంది, ఒక కాలి మీద, విసుగ్గా. అది విసుక్కోవడం చూసి ఆమె ప్రాణం తేలికపడింది. పాలలో కాస్త చక్కెర ఎక్కువే వేసింది.

గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అత్త గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

“అత్తా, పాలు.”

ఉలుకూ పలుకూ లేదు. భుజం మీద చెయ్యి వేసింది. గ్లాసు స్టూలు మీద పెట్టి, అత్త పాదాలు దుప్పటితో కప్పింది. ఎందుకు కప్పిందో ఆమెకే తెలియదు.

గోడ మీంచి కేకేస్తే కంపౌండరు పెరటి దారిన వచ్చి అత్త మణికట్టు పట్టుకుని చూసి, వదిలి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నిద్రలోనే పోయిందమ్మా. అదృష్టవంతురాలు,” అన్నాడు. నలుగురికీ చెప్పి వస్తానని, వీధి తలుపు గడియ తీసి వెళ్ళాడు.

పొద్దు గుంకింది. సూదక్క ఒక్కతే మంచం పక్కన కూర్చుంది. తను ఆ మాట అనకపోతే రేపటిదాకా ఉండేదా? ఆ ప్రశ్న ఇక ఈ ఇల్లు వదలదని ఆమెకు అప్పుడే అర్థమైంది. అప్పుడు షెడ్డులోంచి సన్నగా చప్పుడు మొదలైంది. గుర్రుమని, కాస్త పెరిగి, ఒకే తీరుగా సాగింది. కోడేమో అనుకుంది. కోడి తొట్టి పక్కన ట్రేలో ఉంది. కిటికీలోంచి కనబడుతూనే ఉంది, తల రెక్కలో దూర్చుకుని.

వినబడుతోందా అని అడిగేవాళ్ళు లేరు. “వినబడుతోందత్తా,” అంది ఆమె, మెల్లగా.

అత్త వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. అవి అప్పటికే చల్లబడిపోయాయి. వాటి మధ్య, ఉలి జారిన గీత పైకి కనబడుతూ, చెక్క గుడ్డు ఇంకా వెచ్చగానే ఉంది.