అద్దెలోకి రాని మామిడికాయలు

ప్రభుదాసు చేత మా వీధివైపు వాటా ఖాళీ చేయించడానికి నాకు మూడు మామిడి కాపులు పట్టింది. పట్టిన పట్టు వదిలే రకాన్ని కాను కాబట్టి మూడే పట్టింది. ఇంకొకరైతే ఈపాటికీ వాయిదాలకి తిరుగుతూనే ఉండేవారు.

మావారు పోయాక నాకు మిగిలినవి తిరువూరు బస్టాండు దగ్గర ఈ ఇల్లు, నా చేతి వంట. వీధివైపు రెండు గదుల్లో మెస్సు పెడదామనుకున్నాను. విజయవాడ బస్సు దిగే ఆఫీసులవాళ్ళు, పంతుళ్ళు మధ్యాహ్నం భోజనానికి అల్లాడుతుంటారు. మెస్సు లేకపోతే నేను మరిది పంచన చేరి తోడికోడలి సణుగుడు వింటూ బతకాలి. అది నావల్ల అయ్యే పని కాదు.

ఆ గదుల్లోనే ప్రభుదాసు, అతని భార్య రిబ్కా అద్దెకుండేవారు. ప్రభుదాసు రెడ్డిగూడెంలో మామిడితోటలు గుత్తకు తీసుకునేవాడు. పూత చూసి మురిసిపోయేవాడు, గాలివానకి పిందెలు రాలితే నెత్తిన చెయ్యి పెట్టుకునేవాడు. "ఈ కాపు చేతికి రానివ్వండి అమ్మగారూ, బాకీ అంతా ఒక్కసారే ఇచ్చేస్తాను" అనేవాడు. అలా రెండేళ్ళు విన్నాను. తర్వాత అద్దె బాకీ మీద ఖాళీ చెయ్యమని ప్లీడరు అనంతపద్మనాభంగారి చేత నోటీసు ఇప్పించాను.

కేసు కేసే, ఇల్లు ఇల్లే. కోర్టులో ఎడమొహం పెడమొహం, సాయంత్రం నూతి దగ్గర "కాయ ముదిరిందా?" అని పలకరింపులు. రాలినవి రాలగా మిగిలినవాటిలో మంచివి ఏరి, ప్రభుదాసు ఏటా ఒక గంపెడు మా అరుగు మీద దింపేవాడు. నేను ఆవకాయ పెట్టి ఒక జాడీ వాళ్ళకి పంపేదాన్ని. ఆ జాడీని రిబ్కా ఎప్పుడూ ఖాళీగా తిప్పి పంపలేదు. ఒకసారి కందిపప్పు, ఒకసారి వేరుశనక్కాయలు, ఏదో ఒకటి పోసి ఇచ్చేది.

ఈ సంగతి అవతలి ప్లీడరుకి ఎవరు చేరవేశారో గాని, నన్ను బోనెక్కించి పట్టుకున్నాడు.

"మా పార్టీ ఏటా ఇచ్చిన మామిడికాయలు మీరు పుచ్చుకున్నారా, లేదా?"

గుర్తులేదనమని మా ప్లీడరుగారు కళ్ళతో సైగ చేశారు. ఆవకాయ పెట్టిన మనిషికి కాయ గుర్తులేకపోవడమేంటి, నా మొహం!

"పుచ్చుకున్నాను" అన్నాను.

"అయితే అద్దె కింద జమ అయినట్టే కదా?"

"ఎవరయ్యా చెప్పింది? వాటితో ఆవకాయ పెట్టి జాడీడు వాళ్ళకే పంపాను. అద్దె తీసుకుని ఊరగాయ పంపే ఇంటావిణ్ణి ఎక్కడన్నా చూశారా?"

అందరూ నవ్వారు. కేసు వింటున్న మునసబుగారు మాత్రం నవ్వలేదు. ప్రభుదాసుని బోనెక్కించి, "కాయలు అద్దె కింద ఇచ్చావా?" అని అడిగారు.

అప్పుడు మాత్రం నాకు భయం వేసింది. అవునన్నాడా, నా మెస్సు గంగలో కలిసినట్టే. అతని ప్లీడరు అవునన్నట్టు తలూపుతున్నాడు. ప్రభుదాసు నావైపు చూసి తల దించుకున్నాడు.

"కాదండి. ఇంట్లో మనిషనుకుని ఇచ్చానండి."

దాంతో కేసు నేను గెలిచాను. గెలిచిన సంతోషం ఇంటిదాకా కూడా నిలవలేదు.

వాళ్ళు ఎ.కొండూరులో రిబ్కా పుట్టింటికి పోతున్నారు. సామాను బండికెత్తాక రిబ్కా నా జాడీ పట్టుకుని వచ్చింది. శుభ్రంగా కడిగి, మూతకి కొత్త గుడ్డ కట్టింది.

"ఖాళీగా ఇవ్వబుద్ధి కాలేదండి. ఇంట్లో ఇంకేమీ లేదు" అంది.

గుడ్డ విప్పి చూశాను. జాడీలో వాటా తాళంచెవి ఉంది.

మూడేళ్ళు దేనికోసం కోర్టు చుట్టూ తిరిగానో అదే ఇది. చేతికి తీసుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఏడ్చాను, అయితే ఏంటిట? కళ్ళు తుడుచుకుని వీధిలోకి వచ్చాను.

"ఏమయ్యా ప్రభుదాసూ, బండి ఆపు!"

బాకీ అడుగుతాననుకున్నాడేమో, మొహం పాలిపోయింది.

"మెస్సుకి ఎంత ఆవకాయ కావాలో తెలుసా? వచ్చే కాపు నుంచి కాయలు నువ్వే తేవాలి. బజారు ధర కట్టి పాత బాకీలో జమ వేసుకుంటాను."

"కాయలు అద్దెలోకి రావని మీరే కదండీ కోర్టులో..."

"కోర్టులో మాట కోర్టులో. ఇది నా వాకిలి."

లోపలికి వెళ్ళి, నిరుటి ఆవకాయ అడుగున మిగిలినదంతా ఆ జాడీలోకి ఎత్తాను. అదే గుడ్డ కట్టి రిబ్కా ఒళ్ళో పెట్టాను.

"జాడీ నాది. గుర్తుంచుకుని తెచ్చివ్వు. ఈసారి మాత్రం తాళంచెవి వేసి తెచ్చావంటే ఊరుకోను."