పెళ్లిపెద్ద ఇచ్చిన తలమందు

పెళ్లయిన మొదటి నెలలో నేను కనిపెట్టిన గొప్ప విషయాల్లో ఒకటి, యాసెన్ నడినెత్తి మీద రెండు సుడులున్నాయని. ఒకటి కుడికి తిరుగుతుంది, రెండోది ఎడమకి. పొద్దున్నే అతను గుమ్మం దగ్గర వంగి బూట్లు తొడుక్కుంటుంటే, ఆ రెండింటి మధ్యా ఒక ముద్దు పెట్టి పనికి పంపేదాన్ని. మా ఊరు త్రోయాన్‌లో మట్టి పళ్లేలు, జాడీలు చేసే కార్ఖానాలో అతను పని చేస్తాడు. నేను నీళ్ల పరీక్షల ఆఫీసులో పని చేస్తాను. రసాయనశాస్త్రం చదివాను. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు నా పరువు తీసేది అదే.

యాసెన్‌కి నుదురు మీద జుట్టు అప్పటికే కొంచెం వెనక్కి జరిగింది. నాకది బాగానే ఉండేది, ముద్దుకి చోటు పెరిగింది కదా. అతనికి మాత్రం దిగులు. దువ్వెన్నలో వచ్చిన వెంట్రుకల్ని వెలుతురుకి పెట్టి చూసేవాడు. ఆ దిగులు కనిపెట్టే మా కూమ్ ఒక తలమందు సీసా ఇచ్చాడు.

కూమ్ అంటే మా పెళ్లిపెద్ద. చర్చిలో మా తలల మీద పెళ్లి కిరీటాలు మార్చి పెట్టి, పెళ్లి జరిపించినవాడు. పేరు దోబ్రి, వంతెన పక్కన మంగలి షాపు. అసలు కూమ్ మాటంటేనే కాదనలేం. అందులోనూ యాసెన్‌కి నాలుగేళ్లప్పుడు తండ్రి పోతే, అతని జుట్టు మొదట కత్తిరించిందీ, గడ్డం గీసుకోవడం నేర్పిందీ ఈయనే. గడ్డం మీద తెగినప్పుడు తడి కాగితం ముక్క అంటించి, ఏడవకుండా నవ్వించింది కూడా ఈయనే. ఆ కథ యాసెన్ నాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ కొత్తగా విన్నాను.

సీసాలో రకియా, అంటే ఆల్బుఖారా పళ్ల సారాయి. అందులో పన్నెండు వెల్లుల్లి గడ్డలు, గుప్పెడు ఎండుమిర్చి వేసి, నలభై రోజులు కిటికీలో ఎండకి పెట్టాలి. కూమ్‌కి వాళ్ల నాన్న చెప్పిన చిట్కా అది. సీసా మీద పెన్సిల్‌తో 'తలకి' అని రాసి ఉంది, ఎవరూ పొరపాటున తాగకుండా. అరవై ఎనిమిదేళ్ల కూమ్ తల మీద పాలనురగలాంటి ఒత్తయిన తెల్లజుట్టు ఉంటుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని ఊళ్లో సగంమంది మగవాళ్లు ఆ సీసాలు పట్టుకెళ్లేవారు.

రోజూ సాయంత్రం నేనే రుద్దేదాన్ని. అతను కింద చాప మీద కూర్చుంటే, నేను మంచం అంచున కూర్చుని వేళ్లతో కుదుళ్లు కలియబెడుతూ ఆఫీసు కబుర్లన్నీ చెప్పేదాన్ని. ఇల్లంతా వెల్లుల్లి కంపు. అయినా రోజంతటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. మండుతోందని యాసెన్ అంటే కూమ్‌ని అడిగాం. మండితే మంచిదే, రక్తం పైకొస్తోందన్నమాట అన్నాడు. రసాయనశాస్త్రం చదివిన నేను కూడా తల ఊపాను.

క్రిస్మస్ దాటేసరికి సుడుల చుట్టూ ఎర్రబడింది. పిండి రాలినట్టు పొలుసులు రాలేవి. చుండ్రు పోతుందనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. జుట్టు పోవడం ఆగలేదు సరికదా, గుప్పెళ్లలో వచ్చింది. యాసెన్ ఉన్ని టోపీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పనిలో టోపీ, భోజనం దగ్గర టోపీ. చివరికి నా ముందు కూడా టోపీ తియ్యడం మానేశాడు. పొద్దున్నే ముద్దు పెడితే ఉన్ని తగిలేది. ఒకరోజు దిండు గలీబు మీద చిన్న రక్తపు మరక కనిపించింది. ఆ రోజే అతన్ని బస్సెక్కించి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆవిడ అద్దం పెట్టి చూడకముందే వాసన చూసింది.

"ఎవరింటి వంటకం ఇది?" అంది.

నేను గొంతు తగ్గించి సంగతంతా చెప్పాను. ఏం చదువుకున్నావని అడుగుతుందేమోనని భయపడ్డాను కానీ, అదృష్టం, అడగలేదు. కాగితం మీద ఒక తల బొమ్మ గీసి మాకు వివరించింది. నుదురు మీద పోతున్నది తండ్రి వైపు నుంచి వచ్చినది, దానికి వేరే మందులున్నాయి, కావాలంటే తర్వాత మాట్లాడుకోవచ్చు. నడినెత్తి మీద పోతున్నది మాత్రం చేజేతులా తెచ్చుకున్నది. మొదట మామూలు చుండ్రే, సారాయి, మిర్చి కలిసి దాన్ని పుండు దాకా తెచ్చాయి.

"మాడు మంటెక్కి ఉంటే ఏ వెంట్రుకా నిలవదు. ముందు చర్మాన్ని చల్లబడనివ్వండి, జుట్టు సంగతి తర్వాత. కుదురు చావలేదు, తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉంది, కానీ నెలలు పడుతుంది," అంది.

వారానికి రెండుసార్లు మందు షాంపూ. నురగ పట్టించి ఐదు నిమిషాలు ఉంచి, గోరువెచ్చని నీళ్లతో కడగాలి. గోకకూడదు, గట్టిగా రుద్దకూడదు, తడి తల మీద టోపీ అసలే పెట్టకూడదు. ఎర్రదనానికి పదిరోజులు రాయమని ఒక మందు ఇచ్చింది.

అలా మాకు బుధవారాలు, ఆదివారాలు వచ్చాయి. యాసెన్ స్నానాలగదిలో పీట మీద కూర్చుని తొట్టి మీదికి తల వంచుతాడు. నేను వేలికొనలతో, పండు మీద దుమ్ము తుడిచినట్టు నెమ్మదిగా, నురగ పట్టిస్తాను. ఆ ఐదు నిమిషాలూ అతను కళ్లు తెరవలేడు, ఎక్కడికీ పోలేడు. నేనేం చెప్పినా వినాల్సిందే. పెళ్లిలో ఇంత సుఖం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మూడు వారాలకి మంట తగ్గింది. పొలుసులు మాత్రం ఇంకా కొంచెం రాలుతూనే ఉన్నాయి. టోపీ నా ముందు తీస్తున్నాడు, బయట తియ్యడం లేదు.

అంతలో క్షమాపణల ఆదివారం దగ్గరికొచ్చింది. నలభై రోజుల పెద్ద ఉపవాసం మొదలయ్యే ముందు రోజు అది. చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికెళ్లి, చెయ్యి ముద్దుపెట్టుకుని, ఏడాదిలో చేసిన తప్పులకి మన్నించమని అడగాలి. కొత్త దంపతులైతే కూమ్ ఇంటికి వెళ్లి తీరాలి. టోపీ తీసి, తల వంచి అడగాలి.

యాసెన్ వారం ముందునుంచీ నిద్ర సరిగ్గా పోలేదు. మందు రుద్దుతున్నావా అని కూమ్ అడుగుతాడు, అవునని చెప్పేస్తాను అన్నాడు. మన్నించమని అడగడానికి వెళ్లి అబద్ధం చెప్తావా అన్నాను.

"ఆయన నాన్న చెప్పిన మందు అది, నెవ్యానా. నా తల కాలిందని తెలిస్తే ఆయన ఇక ఎవరి తల మీదా చెయ్యి వెయ్యలేడు. నాకు తండ్రిలాంటివాడు. జుట్టు పోతే పోనీ, ఆయన మాత్రం నాకు ఉండాలి."

బయల్దేరేముందు సగం ఖాళీ అయిన ఆ సీసాని, ఎందుకో నాకే తెలియకుండా, కూమ్ ఇంటికి పట్టుకెళ్లే నారింజపళ్ల సంచీలో అడుగున పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం కూమ్ ఇంటికి వెళ్లాం. ఆయన భార్య స్తోయ్నమ్మ జున్ను పొరల రొట్టె, ఉడికించిన గుడ్లు, అక్రోటు పలుకుల తెల్ల హల్వా బల్ల మీద సర్దింది. యాసెన్ నల్ల పెళ్లికోటు వేసుకున్నాడు. గుమ్మంలోనే టోపీ తీయాల్సి వచ్చింది. తీసి, జుట్టుని ఒక పక్కకి దువ్వినట్టు చేత్తో అదుముకున్నాడు.

"రావే పెళ్లికూతురా. వీడికి తిండి పెడుతున్నావా, నీళ్లు పరీక్ష చేసి అవే పోస్తున్నావా?" అన్నాడు కూమ్.

మేం నారింజపళ్లు ఇచ్చేలోపే ఆయన అలమార తెరిచి కొత్త సీసా తీశాడు. నిండుగా ఉంది, మీద అదే పెన్సిల్ రాత. మొదటిది అయిపోయి ఉంటుందనీ, ఈసారి మిర్చి రెట్టింపు వేశాననీ చెప్పాడు.

"రోజూ రుద్దుతున్నావుగా?" అని అడిగాడు.

యాసెన్ అవునన్నట్టు, మా ఊళ్లో అందరం చేసేలాగే, తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, నమ్మించాలని నాలుగైదుసార్లు గట్టిగా ఊపాడు. నల్లకోటు భుజాల మీద తెల్లగా పొలుసులు రాలాయి.

కూమ్ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చి భుజం దులిపింది. యాభై ఏళ్లుగా కుర్చీలో కూర్చున్న ప్రతివాడి భుజమూ దులిపిన చెయ్యి అది. దులిపి అక్కడే ఆగిపోయింది. యాసెన్‌ని కిటికీ దగ్గరికి లాగి, తల వంచి, వేళ్లతో జుట్టు పాయలు తీశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది కాలిన చర్మం," అన్నాడు చివరికి. "ఎవడు చేశాడ్రా ఇది?"

"ఎవరూ చెయ్యలేదు, కూమ్. చలికి," అన్నాడు యాసెన్.

నేను సంచీలోంచి సగం సీసా తీసి బల్ల మీద, నిండు సీసా పక్కన పెట్టాను.

"రుద్దింది నేనే, కూమ్. మంట అన్నప్పుడు ఇంకా గట్టిగా రుద్దాను. మీరు బాధపడతారని అతను అబద్ధం చెప్పాడు. జుట్టు పోయినా మీరు ఉండాలంటున్నాడు."

స్తోయ్నమ్మ గుడ్ల పళ్లెం పక్కకి జరిపి, నడుం మీద చేతులు వేసుకుంది.

"ఇప్పుడైనా చెప్పు, దోబ్రీ. చెప్పవా? సరే, నేనే చెప్తాను. ఈయన తల మీద ఆ మందు రెండోసారి పడలేదు, పిల్లలూ. ఎప్పుడో ఒకసారి రాసుకుంటే మండిందని చన్నీళ్ల కుళాయి కింద తల పెట్టి గంట కూర్చున్నాడు. ఈ జుట్టు వాళ్లమ్మ ఇచ్చింది."

కూమ్ ముఖం తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. ఆయన మాత్రం కుర్చీ జరిపి లేచి, యాసెన్ ముందు నిలబడి, ఆ పాలనురగ తలని వంచాడు.

"నన్ను క్షమించు, బాబూ."

ఆ రోజు ఆ మాట పెద్దవాళ్లు ముందుగా అనరు. నేనెప్పుడూ చూడలేదు. యాసెన్ రెండు చేతులతో ఆయన్ని పైకి లేపబోయి, లేపలేక, ఆయన చేతిని ముద్దుపెట్టుకుని అక్కడే తన తల ఆనించాడు.

"క్షమించాను, కూమ్. నా అబద్ధాన్ని మీరు క్షమించండి."

"క్షమించాను. మరి ఈ పెళ్లికూతురో? చదువుకున్నది, ఏం చదువుకుందీ?"

"రసాయనశాస్త్రం," అన్నాను.

కూమ్ కిటికీ అద్దాలు అదిరేలా నవ్వాడు. అలా నాకూ మన్నింపు దొరికింది. డాక్టరు చెప్పినవన్నీ, మా బుధ, ఆదివారాలతో సహా, ఆయన రెండుసార్లు చెప్పించుకుని, షాంపూ పేరు తన షాపు కాగితం మీద రాసుకున్నాడు. ఎవరెవరికి సీసాలిచ్చాడో లెక్కపెట్టుకుంటూ, రేపు పొద్దున్నే ఒక్కొక్కరి గుమ్మం ముందూ టోపీ తీసి నిలబడాలని గొణుక్కున్నాడు. రెండు సీసాలూ స్తోయ్నమ్మ వంటింట్లోకి పట్టుకుపోయింది. వెల్లుల్లీ, మిర్చీ ఉన్నాయి కదా, రేపటి ఉపవాసపు చిక్కుడుగింజల పులుసులో పడేస్తే ఎవరికీ చెడ్డ కాదంది.

తర్వాత ఆట మొదలైంది. ఉడికించిన గుడ్డుని ఎర్రదారంతో అప్పడాల కర్రకి కట్టి ఊపుతారు, చేతులు వెనక్కి పెట్టుకుని నోటితో అందుకోవాలి. కూమ్ కర్ర పట్టుకున్నాడు. గుడ్డు వచ్చి మొదట నా ముక్కుకి తగిలింది, రెండోసారి స్తోయ్నమ్మ కళ్లజోడుకి. యాసెన్ మోకాళ్ల మీద కూర్చుని, టోపీ లేకుండా, నోరు బార్లా తెరిచి అటూ ఇటూ ఊగుతున్నాడు. కిటికీ వెలుగు నేరుగా అతని నడినెత్తి మీద పడుతోంది. దాచుకోవాలని అతనికి గుర్తే లేదు. ఎర్రదనం మధ్య, పల్చగానే అయినా, నా రెండు సుడులూ కనిపించాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి.

అతను గుడ్డు అందుకున్నాడు. బుగ్గ ఉబ్బి ఏదో అనబోయాడు, ఎవరికీ అర్థం కాలేదు. కూమ్ కర్ర పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ఈరోజు ఆదివారం కదే. ఐదు నిమిషాల నురగ రోజు కాదూ? లోపల తొట్టి ఉంది, నీళ్లు వెచ్చగా ఉన్నాయి. నా చేతులకి కూడా నెమ్మదిగా ఎలాగో నేర్పు."

షాంపూ నా సంచీలోనే ఉంది. ఎందుకు పెట్టుకొచ్చానో ఈసారి మాత్రం నాకు తెలుసు.