కాల్డర్‌షాలో హెల్లివెల్ గారి సభ

ఆంబ్రోస్ హెల్లివెల్‌కి గుంపంటే భయమని ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోవారు ఆయన భార్య తాబితా.

ఆయన చిన్నతనంలో, రొట్టె ధర తగ్గించమని సొంత ఊరైన కాల్డర్‌షా మైదానంలో జనం పోగైతే గుర్రపు సైనికులు కత్తులు దూసి మీదపడ్డారు. తండ్రి భుజాల మీదున్న ఆంబ్రోస్ కత్తుల్ని మర్చిపోయాడు గానీ, పారిపోతున్న జనం కాళ్ళకింద తండ్రి నలిగిపోవడం మాత్రం మర్చిపోలేదు. ఓటు చేతికిస్తే మనుషులు వీధికెక్కరని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఉన్ని మిల్లు గుమస్తా కాస్తా పార్లమెంటుకెళ్ళాడు, లిబరల్ పార్టీలో పెద్ద తలకాయ అయ్యాడు, రెండుసార్లు మంత్రి అయ్యాడు. పట్నపు కార్మికులకు ఓటు ఇచ్చే చట్టం కోసం గొంతు బొంగురుపోయేలా వాదించాడు. చట్టం గెలిచిన రోజు కాల్డర్‌షా జనం ఆయన బండికున్న గుర్రాలను విప్పేసి తామే లాక్కెళ్ళారు. దారిపొడుగునా టోపీ ఊపుతూ నవ్విన మనిషి ఇంటికొచ్చి తలుపేసుకుని వాంతి చేసుకున్నాడు. తాబితా పళ్ళెం పట్టింది.

పదేళ్ళు తిరిగాక రష్యా మీద యుద్ధం చేయాలని దేశమంతా ఊగిపోతోంది. కూడదన్నాడు హెల్లివెల్. ఆ మాట సొంత ఊళ్ళోనే చెబుతానన్నాడు.

పార్టీ పనులు చూసే జాబెజ్ స్కోల్స్ స్టేషన్లోనే ఎదురొచ్చాడు.

"సభ మానుకోండి సర్. పొద్దుట్నుంచీ ఎవడో పుణ్యాత్ముడు ఊరందరికీ ఉచితంగా బీరు పోయిస్తున్నాడు. మీ బొమ్మ చేసి దీపస్తంభానికి ఉరేశారు. ముక్కు మాత్రం మరీ పెద్దది పెట్టారు లెండి."

"నా ముక్కు పెద్దదే జాబెజ్," అన్నాడాయన.

తాబితా ఆయన మోచెయ్యి పట్టుకుంది. "నేను పక్కనే కూర్చుంటాగా. పద."

హాలు తలుపులు మూసి సభ మొదలుపెట్టారు. ఆయన నాలుగు మాటలన్నాడో లేదో మొదటి రాయి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. తర్వాత తలుపు మీద దూలంతో మోదుతున్న చప్పుడు. ఒక్కో దెబ్బకీ వేదిక అదురుతోంది. "వెనక్కి! వెనక తలుపుకి!" అని జాబెజ్ అరవడం ఆయనకు వినిపించింది. ఆ తర్వాతేం జరిగిందో తెలియదు.

తెలివి వచ్చేసరికి వెనక సందులో, వానలో ఉన్నాడు. తలమీద టోపీ లేదు. లోపలున్నవాళ్ళు వెనక తలుపుకి గడియ పెట్టేసుకున్నారు.

"తాబితా ఏది?"

జాబెజ్ మొహం పాలిపోయింది. "అమ్మగారు మీ వెనకే వస్తున్నారనుకున్నా సర్."

ఆయన పిడికిళ్ళతో బాదాడు. ఎవరూ తీయలేదు.

"పోలీసుల్ని తీసుకొస్తాను, మీరిక్కడే ఉండండి. ముందువైపు వెళ్ళారంటే ముక్కలు చేస్తారు!"

అయినా హెల్లివెల్ ముందువైపుకే వెళ్ళాడు. సందు మలుపు దాటగానే జనసముద్రం. బీరు వాసన, ఉన్ని జిడ్డు వాసన, తోసుకునే భుజాలు. టోపీ లేని, బురదకొట్టుకున్న ముసలాణ్ణి మొదట ఎవరూ పోల్చుకోలేదు. ఇంతలో ఒకడు కాలర్ పట్టుకున్నాడు.

"ఒరేయ్, రష్యావోడి బామ్మర్ది దొరికాడ్రా!"

దెబ్బకు కిందపడ్డాడు. చుట్టూ చెక్క అడుగుల బూట్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఊపిరాడలేదు. పార్లమెంటుని దద్దరిల్లజేసిన గొంతు పిల్లికూనలా బయటికొచ్చింది.

"నా భార్య లోపలుంది."

శాలువా కప్పుకున్న మిల్లు ఆడమనిషి ఒకతె చేతిలో రాయితోనే వంగింది. "ఏంటీ?"

"నా భార్య. వదిలేసి పారిపోయాను."

"పెళ్ళాన్ని వదిలేసా? థూ, నీ బతుకు చెడ!" అందామె. వెంటనే జనం వైపు తిరిగి కేకేసింది. "తప్పుకోండెహె! మంత్రిగారు పెళ్ళాన్ని లోపల మర్చిపోయొచ్చాడంట!"

ఒకడు నవ్వాడు. నవ్వు గుంపంతా పాకింది. నవ్వుతూనే దారిచ్చారు. ఆ నవ్వుల మధ్య నుంచే ఆయన విరిగిన తలుపు దాటాడు.

తాబితా వేదిక మీద గాజుపెంకుల మధ్య కూర్చుని ఉంది. నుదుటికి అదిమిపెట్టిన చేతితొడుగు ఎర్రగా తడిసిపోయింది.

"వచ్చావా."

"వచ్చాను."

"నేను పడిపోయి చెయ్యి చాచాను ఆంబ్రోస్. నువ్వు నన్ను చూశావు. చూసే వెళ్ళావు."

ఆయనకు అదేమీ గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు.

యుద్ధం జరగలేదు. కాల్డర్‌షా ఆయన్ని మళ్ళీ గెలిపించింది. మంత్రి పదవి ఇస్తామంటే ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నాడు. సభల్లో తాబితా మునుపటిలాగే పక్కన కూర్చునేది. జనం అరిచినప్పుడల్లా ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. ఆమె పట్టుకోనిచ్చేది. తను మాత్రం వేళ్ళు ముడిచేది కాదు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగాడు.

"ఆ రోజు నిజంగా నిన్ను చూశానా తాబితా?"

ఆమె అల్లుతున్న మేజోడు మీంచి తలెత్తలేదు.

"టీ చల్లారిపోతోంది, తాగు," అంది.