వంకర కోత

"గా స్కేలు ఇంట్ల పెట్టి పొమ్మని మూడు దినాల సంది మొత్తుకుంటున్న. ఇనవేందయ్యా?" అంది లక్ష్మీబాయి, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"స్కేలు లేకుంటె గీత సక్కగ రాదు."

"రానిది గీత కాదు, నీ చెయ్యి. వణుకుతున్నదని గా ముసలామెకు చెప్పరాదు?"

"వణికేది చెయ్యి. గీత కాదు," అని నర్సయ్య చెక్క స్కేలును సంచీలో దోపుకుని బస్సుకు బయల్దేరాడు.

సిరిసిల్లలో ఉన్నన్నాళ్లూ ఆ స్కేలుతోనే జాకెట్లూ లాగులూ కత్తిరించాడు. పరదేశంలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చాక మౌంట్ ఆల్బర్ట్‌లో లుచియా అనే ముసలామె నడిపే పాస్తా కొట్టులో పని దొరికింది. పల్చగా వత్తిన పిండిని రిబ్బన్లలా కోయాలి. మొదటిరోజే ఆయన కోత చూసి లుచియా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు తలుచుకునే ఆయన రోజూ హుషారుగా లేస్తాడు. వణుకు సంగతి బయటపడితే మళ్లీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవలసిందే.

ఆ మధ్యాహ్నం స్కేలు జారింది. పొడుగాటి పిండి పొరంతా మూలకో తీరు ముక్కలైపోయింది. నర్సయ్య గబగబా తడిబట్ట కప్పాడు. లుచియా వచ్చి బట్ట ఎత్తి చూసింది.

"మల్తల్యాతి!" అంది.

తిట్టిందనుకున్నాడు. ఏప్రాన్ ముడి విప్పుతూ, "మై హ్యాండ్ షేకింగ్ మేడమ్," అని ఉన్నమాట చెప్పేశాడు.

లుచియా పగలబడి నవ్వింది. అది తిట్టు కాదట, పాస్తా పేరట. చెడగోసినవి అని అర్థమట. రిబ్బన్లు కోయగా మిగిలిన అంచుల్ని వాళ్ల అమ్మమ్మ పారేయకుండా బీన్స్ సూపులో వేసేదట. ఏ ముక్కా ఇంకో ముక్కలా ఉండకపోవడమే దాని అందమట.

నర్సయ్యకు బొంత గుర్తొచ్చింది. ఆయన కుట్టిన బట్టలన్నీ ఎప్పుడో చిరిగిపోయి ఉంటాయి. మిగిలిన పేలికలతో లక్ష్మీబాయి కుట్టిన బొంత మాత్రం సముద్రం దాటొచ్చి మనవరాలు లాస్య మంచం మీద ఉంది.

ఆ ముక్కల్ని ఉడికించుకుని ఇద్దరూ నిలబడే తిన్నారు. ఇకమీద రిబ్బన్లు తను కోస్తానంది లుచియా. ఇవి మాత్రం నర్సయ్యవే.

సాయంత్రం అందరూ అన్నాలకు కూర్చున్నారు.

"రేపటి సంది స్కేలు తీస్కపోను," అన్నాడు నర్సయ్య మెల్లగా.

లక్ష్మీబాయి గరిటె ఆగింది. "పని మానుకున్నవా?"

"మానలే. వంకరగ కోస్త. గదే నా పనిప్పుడు."

"సో కూల్, తాతా!" అంది లాస్య.

"పెండ్లయిన సంది ఇయ్యాల నా మాట ఇన్నడు," అంటూ లక్ష్మీబాయి ఆయన కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది.

ఫ్రిజ్ మీద పెట్టిన స్కేలు అంగుళాల గాట్లలో పిండి ఇంకా తెల్లగా ఉంది.