తొమ్మిది కుట్లు

పసుపు స్వెట్టరు మెడ అల్లడం అయిపోయినట్టే, నీలందానికి చంక దగ్గర ఇంకో నాలుగు వరసలు, మెరూన్‌ది మాత్రం జడల దగ్గర లెక్క తప్పింది, ఆరు కుట్ల తర్వాత మెలి తిప్పాలో ఎనిమిది తర్వాత తిప్పాలో, ఇందాక ఆరనే అనుకుంది, అనుకుంటుండగానే పక్కింటి భాగుళి గోడ మీదినుంచి ఏదో అంది, అంతే, లెక్క పోయింది, పోతే పోయింది, మేజోళ్లు తీద్దాం, వాటికి లెక్క అక్కర్లేదు, గుండ్రంగా తిరుగుతూ పోవడమే, అనుకుని గోవిందీ మెరూన్ సంచిని పక్కకి నెట్టి నాలుగో సంచిలో చెయ్యి పెట్టింది, నాలుగు సంచులు, నలుగురు మనుషులు, పసుపుది తాను పెంచిన లచిమ కడుపులో ఉన్న బిడ్డకి, నీలంది లచిమ మొగుడికి, మెరూన్‌ది లచిమకి, మేజోళ్లు లచిమ అత్తగారికి, పన్నెండింటికి రోడ్డు మీదికి జీపు వస్తుంది, ఆ జీపులో లచిమ కింద హల్ద్వానీ పట్నం వెళ్లిపోతుంది, ఎనిమిదో నెల, అక్కడైతే ఆస్పత్రి వీధి చివరే, ఈ కొండ మీద నొప్పులొస్తే దింపడానికి నలుగురు మగవాళ్లు కూడా లేరు, జీపు లచిమను వదిలి పోకుండా ఆపడానికి గోవిందీ మొగుడు దీవాన్ సింగ్ అప్పుడే కర్ర పట్టుకుని కిందికి దిగాడు, ఇంకా రెండు గంటలుంది ఎందుకయ్యా అంటే, నీ అల్లికలా కాదు, నేను మొదలుపెడితే పూర్తి చేస్తాను, అని వెళ్లాడు, సైన్యంలో పనిచేసొచ్చిన ఫౌజీ మనిషి, ఎండ రాతిపలకల వాకిలంతా పరుచుకుంది, ఏం దీదీ, భాగుళి మళ్లీ అందుకుంది, నాలుగూ సూదుల మీదే ఉన్నాయి, ఒక్కటైనా దిగిందా, ఇరవయ్యేళ్లనుంచీ చూస్తున్నా, అల్లిక నీది, చివర కుట్లు మూసి సూది దింపడం నాది, పేరేమో గోవిందీకి, ఇప్పుడు నా చెయ్యి చూడు, అని పిండికట్టు వేసిన మణికట్టు గోడ మీదినుంచి ఊపింది, నీటిధార దగ్గర జారిపడి పది రోజులైంది, నీ చేతికి పని తగ్గి నోటికి పెరిగింది భాగుళీ, అని గోవిందీ నవ్వింది, భాగుళి కూడా నవ్వి, పెరుగేసి నిమ్మకాయ సాన్ కలుపుతున్నా, వేయించి నూరిన భంగుగింజలు కాస్త ఎక్కువ వేశా, పిల్లని పిలువు, వెళ్లేముందు తిని వెళుతుంది, అని లోపలికి పోయింది, వాకిట్లో గోవిందీ ఒక్కతే మిగిలింది, ఒంటరిగా మిగలగానే మేజోళ్లు సంచిలో పడేసి మళ్లీ మెరూన్‌దే తీసింది.

మనుషులుంటే మేజోళ్లు, మనుషులు లేకపోతే జడల అల్లిక, ఇది ఎవరికీ చెప్పలేదు ఆమె, నాలుగు ఒకేసారి ఎందుకు మొదలుపెడతావంటే విసుగు పుట్టకుండా అంటుంది, నిజమేమిటంటే మాటల మధ్య చేతులు వాటంతటవి తిరుగుతాయి, అప్పుడు భయం లేదు, ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం తల నిండా అంకెలుండాలి, ఎడం పక్క ఆరు, కుడి పక్క ఆరు, మధ్యలో నాలుగు తిరగేసిన ఉల్టా కుట్లు, అంకెకీ అంకెకీ మధ్య సందు ఉండకూడదు, సందు ఉంటే సరులి వస్తుంది, ఒకటి, రెండు, మూడు, దీదీ, నాలుగు, ఇదిగో వచ్చింది, వస్తే ఎప్పుడూ ఒకలాగే, నడుముకి తాడు చుట్టుకుని, వీపు వెనక కొడవలి దోపుకుని, పళ్ల మధ్య రిబ్బను పట్టుకుని జడ వేసుకుంటూ, దీదీ, నిజంగా ఈ రోజు నేనే వెళ్లాలా, సరులి ఆమెకి తోటికోడలు, వయసులో తొమ్మిదేళ్లు చిన్న, ఈ ఇంటికి వచ్చిన రోజునుంచి నీ వెనకే నడుస్తా దీదీ అన్న పిల్ల, ఇరవయ్యేళ్ల కిందటి ఆ రోజు గడ్డి కోత వంతు గోవిందీది, తెల్లారితే దీవాన్ సింగ్ సెలవు మీద వస్తున్నాడు, బూడిదరంగు స్వెట్టరుకి మెడ ఒక్కటే మిగిలింది, పన్నెండు వరసలు, వెళ్లవే, రేపూ ఎల్లుండీ నేను వెళ్తాలే, నీ బావగారికి చలి మెడ దగ్గరే పడుతుంది, అంది తాను, బావగారి మెడ కోసం నా కాళ్లు అరగాలన్నమాట, అని సరులి పకపక నవ్వింది, నాలుగేళ్ల లచిమని తెచ్చి ఈమె ఒడిలో పడేసింది, ఇది ఊలు ఉండని లాగుతుంది జాగ్రత్త, అని చెప్పి మెట్లు దిగింది, కార్తీకం చివర, పొద్దున్నే మంచు, చీడ్ పైన్ చెట్ల సూదుల్లాంటి ఎండాకు వాలు మీద పరుచుకుని నూనె పోసినట్టుంటుంది, ఇదంతా గోవిందీకి తెలుసు, ఆ వాలు మీద పదిహేనేళ్లు కోసింది, ఎక్కడ కాలు పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో తెలుసు, తన వంతైతే తన కాలికి తెలిసేది, ఆరు, ఏడు, ఎన్ని కుట్లయ్యాయి, మళ్లీ పోయింది.

ఇజా, అని పిలుపు, గోవిందీ ఉలిక్కిపడింది, ఇరవయ్యేళ్లుగా వింటున్నా ఆ పిలుపుకి ఒళ్లు ఉలిక్కిపడుతూనే ఉంటుంది, ఇజా అంటే అమ్మ, అమ్మ కాదే, పెద్దమ్మని, అని చిన్నప్పుడు ఎన్నిసార్లు దిద్దింది, పిల్ల తండ్రి ఢిల్లీ వెళ్లి మరో సంసారం పెట్టుకున్నాక దిద్దడం మానేసింది, లచిమ గుమ్మం పట్టుకుని, పొట్ట ముందుకు, నడుము వెనక్కి, నెమ్మదిగా మెట్లు దిగి వచ్చి పక్కనే చాప మీద కూలబడింది, నడుస్తుంటే అచ్చం సరులే, పొట్ట ఉన్నా సరులే, ఇజా, నీ మనవడికైనా ఒక్కటి పూర్తి చేసివ్వవా, అని పసుపుది అందుకుని చూసింది, ఇదేంటి, అయిపోయిందిగా, మెడ చుట్టూ మూసెయ్యడమే, ఎందుకు మూయలేదు, భాగుళి మూస్తుందిలే, భాగుళి కాకీ చెయ్యి విరిగిందిగా, పక్కింటి పిన్నిని కాకీ అనే అంటుంది లచిమ, నువ్వే ముయ్యి, జీపొచ్చే టైమవుతుంది, నాకు రాదే, రాదా, ఇంత పెద్ద జడలు అల్లేదానివి నీకు మూయడం రాదా, లచిమ నవ్వుతూనే అడిగింది, ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే గోవిందీ సూది ముట్టకుండా రెండు చేతులూ కొంగులో చుట్టి పెట్టుకుంది, చలికి కాదని ఎండలో కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది, ఇజా, ఏమైంది, ఏం లేదు, చెప్పు, బిడ్డని కనడానికి వెళ్తున్నా, తిరిగొస్తానో రానో, అలాంటి మాట అనకు, అనకూడదంటే చెప్పు మరి.

చెప్పింది, చెప్పాలనుకుని కాదు, తిరిగొస్తానో రానో అన్న మాట సరులి గొంతులో వినబడి నోరు దానంతటదే తెరుచుకుంది, మీ అమ్మ పోయిన రోజు గడ్డి వంతు నాది, నేనే పంపాను, అంతే, ఇరవయ్యేళ్ల మాట ఇంత పొట్టిగా ఉంటుందని అనుకోలేదు, ఏడుస్తుందనుకుంది, లేచి లోపలికి పోతుందనుకుంది, లచిమ మాత్రం పసుపు స్వెట్టరు చెయ్యి వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తూ, తెలుసు, అంది, ఏం తెలుసు, వంతు నీదని, ఎవరు చెప్పారు, ఆమా చెప్పింది, నానమ్మే, నేను మూడో క్లాసులో ఉండగా, ఆ రోజు నువ్వేదో పాలు ఒలకబోశావని ఆమా నిన్ను తిట్టింది, నేను నీ తరపున ఎదురు మాట్లాడాను, ఆ కోపంలో, దీని కోసం నోరు చేసుకుంటావేమే, దీని వంతుకి వెళ్లే మీ అమ్మ చచ్చింది, అంది, మర్నాడు బెల్లం పెట్టి ఎవరికీ చెప్పకని బతిమాలింది, చెప్పలేదు, ఇజా, నువ్వు అలా చూడకు, ఎప్పటి సంగతో, ఆమా కూడా పోయి నాలుగేళ్లయింది, అంటోంది లచిమ, గోవిందీకి అత్తగారి ముఖం గుర్తొచ్చింది, చివరి రోజుల్లో తన చేత్తోనే గంజి తాగేది, తాగుతూ కళ్లలోకి చూసేది కాదు, ముసలితనం అనుకుంది, మరి ఇద్దరికీ తెలుసు, ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని రొట్టెలు తిన్న ముగ్గురికీ తెలుసు, ఎవరి ముందూ ఎవరూ నోరు విప్పలేదు, సరే అయితే, అదొక్కటే అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు, పిల్ల క్షమించినట్టే మాట్లాడుతోంది, ఆగు గోవిందీ, ఆగిపో, కానీ ఇన్నేళ్లుగా ముల్లులా దిగి ఉన్నది వంతు కాదు, వంతు మాట ఎవరికి తెలిసినా ఆ రెండోది ఎవరికీ తెలియదు.

ఇంకొకటుంది, అంది, లచిమ తలెత్తింది, లోయలోంచి కేక వేశారు, భాగుళే వేసింది, సరులి పడిపోయిందో అని, నేను ఇక్కడే, ఈ పలక మీదే కూర్చుని మెడ మూస్తున్నా, నువ్వు నా పక్కనే నిద్రపోతున్నావు, కేక వినబడింది, ఎవరు పడ్డారో అర్థమైంది, అర్థం కాలేదని ఎవరితోనైనా చెప్పొచ్చు, నీతో చెప్పను, అర్థమైంది, సూది మీద ఇంకా తొమ్మిది కుట్లున్నాయి, వదిలేస్తే జారిపోతాయని చేతులు మూస్తూనే ఉన్నాయి, తొమ్మిదీ మూసి, దారం తెంపి, అప్పుడు లేచాను, పరిగెత్తాను, నేను వెళ్లేసరికి మీ అమ్మ తల భాగుళి ఒళ్లో ఉంది, చెయ్యి వెచ్చగా ఉంది, భాగుళి నా వైపు చూసి, ఇప్పుడే దీదీ, ఇప్పుడే పోయింది, అంది, ఆ ఇప్పుడే అన్న మాట, లచిమా, ఆ మాట, అని గోవిందీ కొంగు మళ్లీ బిగించి చుట్టుకుంది, ఆ స్వెట్టరు దీవాన్ సింగ్ ఏడేళ్లు తొడుక్కున్నాడు, మోచేతులు పోయాక ఖచ్చర్లు, అదే కంచరగాడిదలు, తోలే మనిషికి ఇచ్చేసింది, అయినా ఆ మనిషి ఇటుకలు వేసుకుని ఈ దారినే పోతుంటాడు, బూడిదరంగు మెడ ఇప్పటికీ వదులు కాలేదు, అంత బిగువుగా మూసింది ఆ తొమ్మిదీ, లచిమ లోయ వైపు తిరిగి, అది నాకు తెలీదు, అంది, గొంతు మారింది, ఇందాకటి గొంతు కాదు, అప్పుడు పసుపు స్వెట్టరు తీసి గోవిందీ ఒళ్లో పెట్టింది, చూపించు, ఏం చూపించాలే, తొమ్మిది కుట్లు ఎంతసేపు పడతాయో చూపించు, వద్దే తల్లీ, చూపించు ఇజా, నేను చూడాలి, ఆ ముఖంలో జాలి లేదు, కోపమూ లేదు, అమ్మ ఊపిరి ఎంతసేపు ఎదురుచూసిందో తెలుసుకోవాలనుకునే కూతురి ముఖం, ఆ హక్కు దానిదే, గోవిందీ సూది అందుకుంది, రెండు కుట్లు వేసి మొదటిదాన్ని రెండోదాని మీదినుంచి దాటించింది, ఒకటి, మళ్లీ వేసి దాటించింది, రెండు, వేళ్లు మరిచిపోలేదు, పాడు వేళ్లు, మూడు, నాలుగు, భాగుళి ఇంటి కప్పు మీద ఆరబెట్టిన వడియాల దగ్గరికి ఒక కాకి వాలింది, అయిదు, ఆరు, ఒకటి ముక్కున కరిచింది, ఏడు, తల అటూ ఇటూ తిప్పింది, ఎనిమిది, లేచిపోయింది, తొమ్మిది.

ఇంతేనా, అంది లచిమ, ఇంతే, అంది గోవిందీ, కింది నుంచి ఇక్కడికి కేక రావడానికీ, నువ్వు ఆ దారంతా దిగడానికీ పట్టినంత కూడా లేదు ఇజా, లేదు, అయినా ఆ కాసేపు ఉంది కదే, ఉంది ఇజా, లేదని నేను చెప్పలేను, అని లచిమ స్వెట్టరు తీసుకుని మిగతా కుట్లు తానే మూయడం మొదలుపెట్టింది, కోపమంతా దారం మీద చూపించినట్టు బిర్రుగా లాగుతోంది, అంత బిగిస్తే బిడ్డ తల దూరదే, అంది గోవిందీ, ఎవరి నోటినుంచో వచ్చినట్టు వచ్చింది ఆ మాట, లచిమ విని, నాలుగు కుట్లు విప్పి, మళ్లీ వదులుగా మూసింది, భాగుళి కంచు గిన్నెలో సాన్ తెచ్చింది, ఇద్దరి ముఖాలూ చూసి ఏమీ అడగలేదు, భాగుళి అడగకపోవడం ఈ ఊళ్లో ఇదే మొదటిసారి, పులుపు తిని లచిమ కళ్లు తుడుచుకుంది, పులుపుకే అన్నట్టు, కింది నుంచి దీవాన్ సింగ్ కేకలు, వచ్చింది, వచ్చేసింది, దిగండి, జీపు వాడు ఆగనంటున్నాడు, సంచి, పసుపు స్వెట్టరు, నెయ్యి డబ్బా, శాలువా, లచిమ వంగలేక వంగి పాదాలు తాకింది, మెరూన్‌దీ నీలందీ మేజోళ్లూ ఇక్కడే వదిలేస్తున్నా, బిడ్డ పుట్టాక నువ్వే తీసుకురా, నువ్వే మూసి తీసుకురా, భాగుళి కాకీ చేత మూయించావంటే నేను తొడుక్కోను, అంది, క్షమించానని అనలేదు, లేదనీ అనలేదు, భాగుళి కట్టు లేని చేతిని పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగింది.

జీపు చప్పుడు మలుపు మలుపుకీ వినబడి, ఆగి, మళ్లీ వినబడి, మాయమైంది, గోవిందీ చాప మీదికి వచ్చి కూర్చుంది, ఏ సంచీ తీయలేదు, చేతులు ఊరికే ఒళ్లో ఉన్నాయి, తల నిండా అంకెలు లేకపోయినా సరులి రాలేదు, దాని బదులు మూడో క్లాసు అన్న మాట తిరుగుతోంది, మూడో క్లాసు, అంటే ఎనిమిదేళ్లు, అంటే జుట్టు పేలు పట్టి కత్తిరించిన ఏడాది, ఆ ఏడాది పిల్లకి పిచ్చి పట్టినట్టయింది, గోవిందీ గడ్డి కోతకి వెళ్లే రోజున బడికి పోయేది కాదు, తిట్టినా కొట్టినా వెంట వచ్చేది, వాలు పైన రాయి మీద కూర్చునేది, పాట పాడమంటే పాడేది కాదు, ఆడుకోమంటే ఆడేది కాదు, కళ్లు మాత్రం గోవిందీ కాళ్ల మీదే, ఒక రోజు గడ్డి మోపు కట్టే తాడు ఒక కొస తెచ్చి గోవిందీ నడుముకి కట్టింది, ఇదేం ఆటే అంటే, ఆటే ఇజా, ఊరికే, అంది, రెండో కొస తన నడుముకి కట్టుకుంది, కొడవలి ఆడనివ్వకుండా తాడు అడ్డం వస్తోందని తాను విసుక్కుని లాగి చెంప మీద ఒకటిచ్చింది, ఏడవలేదు పిల్ల, ముడి విప్పలేదు, ఆ శీతాకాలమంతా అలాగే చేసింది, మొండిదని ఊరంతా చెప్పి నవ్వింది తాను, ఆ మాట విన్న తర్వాత, అమ్మ ఎవరి వంతుకి పోయిందో విన్న తర్వాత, ఎవరి దగ్గర ఏడ్చింది, ఏడవడానికి ఉన్న ఒళ్లు తనదొక్కటే, ఆ ఒళ్లో చెప్పుకోలేని మాట అది, అందుకని తాడు తెచ్చుకుంది, ఉన్న ఒక్క ఇజా కూడా జారిపోకుండా, చెంపదెబ్బ తిని కూడా, గడ్డి మోపంత బరువు లేని పిల్ల, గోవిందీ జారి ఉంటే ఆపగలిగేది కాదు, ఆమెతోపాటే జారిపోయేది, ఆ సంగతి ఎనిమిదేళ్లకే దానికి తెలుసు, తెలిసే ముడి వేసుకుంది.