ఒక చెయ్యి, రెండు ఓట్లు

డెస్ బ్లాంచర్డ్ చేపలకు పొగ పట్టించే పొగగూటి లోపల కాళ్ళు ఎడంగా చాపి, రెండు వైపులా గోడలకు కొట్టిన చెక్కపట్టీల మీద నిలబడి, తలపైనున్న కడ్డీని రెండు చేతులా ఎత్తి కిందికి దించాడు. కడ్డీ పొడుగునా వేలాడుతున్న హాడాక్ చేపలు రాత్రంతా రంపపు పొట్టు పొగ పట్టి ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. కింద నిలబడ్డ ట్రెవ్ ఆ కడ్డీని అందుకుని బల్ల మీద పెట్టాడు. మళ్ళీ ఇంకొకటి. పై వరుస ఖాళీ అయ్యేసరికి డెస్‌కు ఆయాసం వచ్చింది. ట్రెవ్ చూడకుండా గోడవైపు తిరిగి ఊపిరి పీల్చుకున్నాడు. గోడకు బొటనవేలంత మందాన నల్లటి తారు. తాతలనాటి పొగ అది. అంత పొగా డెస్ రొమ్ములోనూ ఉండాలి.

గ్రిమ్స్‌బీ రేవులో ఇలాంటి పొగగూళ్ళు ఒకప్పుడు వీధివీధికీ ఉండేవి. ఇప్పుడు మిగిలినవి కొన్నే. డెస్ మీసాలు రాకముందు ఇందులో చేరాడు, డెబ్బై దాటినా దిగలేదు. యజమానులు మారారు, అతను మారలేదు. మేస్త్రీ పని ఇమ్మని అడగలేదు, ఇస్తామని ఎవరూ అనలేదు. పొట్టి మనిషి. భుజాలు మాత్రం తలుపంత. కనుబొమలు కూడా చేపల్లాగే పచ్చబడ్డాయి. బస్సులో అతని పక్కన కూర్చున్నవాళ్ళు రెండు స్టాపులు దాటకుండానే లేచి వేరే సీటు వెతుక్కుంటారు. అందుకు అతను ఎవర్నీ ఏమీ అనుకోడు. కిటికీవైపు జరిగి కాళ్ళు చాపుకుంటాడు.

బల్ల దగ్గర మాక్సీన్ పొగచేపల్ని ఏరి పెట్టెల్లో సర్దుతోంది. ఆమె తలపైన అరలో రేడియో వాగుతోంది. వచ్చే శుక్రవారానికి యూరప్ నుంచి దేశం విడిపోవాల్సింది. మళ్ళీ వాయిదా వేశారు.

"వాయిదా! మళ్ళీ వాయిదా!" అన్నాడు ట్రెవ్. "మా ఆవిడ నన్ను వదిలెయ్యడానిక్కూడా ఇంత టైం పట్టలేదు."

"ఆవిడ ముందే సామాను సర్దుకుంది కాబట్టి," అంది మాక్సీన్ తలెత్తకుండా.

డెస్ గూట్లోంచి నవ్వాడు. నవ్వు దగ్గయింది.

"ఎందుకు వాయిదా వేస్తున్నారో నాకు తెలుసు," అన్నాడు ట్రెవ్. "ఓటు మళ్ళీ పెట్టడానికి. మనవైపు వేసిన ముసలాళ్ళంతా చచ్చేదాకా ఆగుతారు. చచ్చాక మళ్ళీ పెడతారు. డెస్సూ, నువ్వు కాస్త జాగ్రత్తగా దిగు. నువ్వు పడితే వాళ్ళకి ఒకటి లాభం."

"ముందు కడ్డీ పట్టుకో," అన్నాడు డెస్.

"రేపు లండన్ ఊరేగింపుకి మీ అమ్మాయి గెయిల్ వెళ్తోందటగా?" అంది మాక్సీన్. "మళ్ళీ ఓటు పెట్టాలని? నిన్నూ రమ్మందా?"

"రమ్మంది."

"వెళ్తున్నావా?"

"లేదు."

ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రేవులో పదిమందిలో ఏడుగురు విడిపోదామని ఓటేసినవాళ్ళే, డెస్ కూడా అందులోనే. కాబట్టి కారణం తమకు తెలుసనుకున్నారు. తెలియదు.

మూడేళ్ళ కిందట, విడిపోవాలా వద్దా అన్న ఓటు నాటికి డెస్ భార్య నోరీన్ చేతులు పోయాయి. పెళ్ళికి ముందునుంచీ మంచునీళ్ళలో చేపలు కోసిన చేతులవి. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి కొంకిగోళ్ళలా అయ్యాయి. చెంచా పట్టుకోలేదు. నోరు మాత్రం ముడుచుకోలేదు. ఆమె కలిసుందామనే పక్షం. డెస్ విడిపోదామనే పక్షం. అతని తండ్రి చేపల ఓడలో పనిచేసేవాడు. ఐస్‌లాండ్ తన సముద్రంలోకి ఎవర్నీ రానివ్వనని గీత గీశాక ఓడలన్నీ రేవులో కట్టేశారు, ఆయన వంటింట్లో కూర్చుని కూర్చునే ముసలివాడయ్యాడు. ఐస్‌లాండ్ కొట్టిన దెబ్బకు యూరప్‌ను తిట్టడం ఆ ఊళ్ళో తరతరాలుగా అందరూ చేసే పొరపాటు.

"మీ నాన్న పొట్ట కొట్టింది ఐస్‌లాండ్ వాళ్ళు," అనేది నోరీన్. "నువ్వు పోయి బ్రస్సెల్స్‌లో యూరప్ వాళ్ళ చొక్కా పట్టుకుంటావేం? దారిలో ఉన్నారనా?"

డెస్ పెరట్లోకి పోయేవాడు.

ఓటు రోజు వాన. చక్రాల కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, ఒళ్ళో ప్లాస్టిక్ కాగితం కప్పి, బడి హాలుకు తోసుకుపోయాడు. చేతులు పనిచెయ్యనివాళ్ళ బదులు ఇంటివాళ్ళు గుర్తు పెట్టవచ్చు. చెప్పినట్టే పెడతానని అధికారి ముందు సంతకం చేసి, ఆమెను తెర చాటుకు తీసుకుపోయాడు. తాడు కట్టిన పొట్టి పెన్సిల్‌తో ఆమె కాగితం మీద ఆమె చెప్పిన గడిలో ఇంటూ గుర్తు పెట్టాడు. తర్వాత తన కాగితం మీద రెండో గడిలో పెట్టాడు. ఒకే చెయ్యి, ఒకే పెన్సిల్. రెండు గుర్తులూ ఒకదాన్నొకటి మింగేశాయి. ఇద్దరూ ఇంటికొచ్చి టీ తాగారు.

ఆ మరుసటి చలికాలంలో రొమ్ము పట్టేసి ఆమె పోయింది.

ఇప్పుడు ఓటు మళ్ళీ పెట్టాలంటున్నారు. మొదటిదాంట్లో అబద్ధాలు చెప్పి గెలిచారు, అది చెల్లదంటున్నారు. అబద్ధాలు చెప్పిన మాట నిజమే. రెండువైపులా పెద్దమనుషులే, రెండువైపులా అబద్ధాలే. పైగా ఇటువాళ్ళు తమ శవాల్ని లెక్కపెడుతున్నారు, అటువాళ్ళు ఎదుటివాళ్ళ శవాల్ని లెక్కపెడుతున్నారు. డెస్‌కు ఇదేదీ పట్టదు. అతని బాధ ఒకటే. మొదటిది చెల్లదంటే నోరీన్ ఓటూ చెల్లదు. ఓడిపోవడం వేరు. ఓడినా అది ఎక్కడో లెక్కలో ఉంది. మళ్ళీ పెట్టే ఓటులో ఆమెకు కాగితమే ఇవ్వరు. ఈ మాట గెయిల్‌కు ఎలా చెప్పాలో తెలియక మూడుసార్లు రానని మాత్రం చెప్పాడు. మూడోసారి ఆ పిల్ల ఫోను పెట్టేసింది.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం మధ్యాహ్నం కాగితం పొట్లాల్లో వేయించిన చేప, బంగాళదుంప ముక్కలు తెచ్చుకోవడం అక్కడి రివాజు. పొద్దస్తమానం చేపల్లో బతికేవాళ్ళు కూడా ఆ రోజు డబ్బిచ్చి చేపే కొనుక్కుంటారు. ముగ్గురూ బోర్లించిన పెట్టెల మీద కూర్చున్నారు. చేప మీద చల్లిన వెనిగర్ వాసనకు మాక్సీన్ కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ పెడితే పెట్టనీ," అన్నాడు ట్రెవ్ నిండు నోటితో. "మళ్ళీ గెలుస్తాం. ఒక్కటే తక్కువవుతుంది. ఈసారి డెస్ ఒక్కటే వెయ్యగలడు."

"క్రితంసారీ ఒక్కటే వేశాను," అన్నాడు డెస్.

"అబ్బ, పాలు తాగే పాపాయి! నోరీన్‌ది ఎవరు గీశారు? మా అమ్మమ్మా?"

"నోరీన్ చెప్పినచోట గీశాను."

ట్రెవ్ కన్ను గీటాడు. "చెప్పినచోటే, చెప్పినచోటే. ఆ పోలింగ్ అమ్మగారికి ఏం చెప్పాడో మనకీ అదే చెబుతున్నాడు చూడు మాక్సీన్. మూడేళ్ళయినా మాట జారడు. మగాడంటే వీడు!"

మాక్సీన్ నవ్వింది. డెస్ మొహం చూసి ఆపేసింది.

"నువ్వూ అలాగే అనుకున్నావా?" అన్నాడు డెస్.

"నేనేమీ అనుకోలేదు బంగారం... అంటే, అందరూ అన్నారు. తప్పేముంది అందులో? చేతికి పెన్సిలిస్తే ఏ మొగుడైనా అదే చేస్తాడు."

"నేను చెయ్యలేదు."

"సర్లే, చెయ్యలేదు," అంది మాక్సీన్, జ్వరం వచ్చిన పిల్లాడితో అన్నట్టు.

డెస్ పొట్లం మడిచేశాడు. సగం చేప అందులోనే ఉండిపోయింది. మూడేళ్ళుగా రేవంతా తనను దొంగ అనుకుంది. అనుకుని తిట్టలేదు, మెచ్చుకుంది. సారాదుకాణంలో ఆ రోజుల్లో ఎవరెవరో తన గ్లాసు నింపించి భుజం తట్టారు. భార్య జబ్బుకు జాలిపడుతున్నారనుకున్నాడు. దేనికి తట్టారో ఇప్పుడు తెలిసింది. తిట్టు అయితే తిరిగి తిట్టవచ్చు. మెప్పుకోలును ఏం చేసుకోవాలి?

తినడం అయ్యాక కొత్త చేపలు వచ్చాయి. అవీ ఐస్‌లాండ్ నుంచే. మాక్సీన్ చీరి ఇచ్చినవాటిని డెస్ ఉప్పునీళ్ళ తొట్లో వేశాడు. వేసి, తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఊరు సంగతి సరే. గెయిల్ కూడా అలాగే అనుకుంటోందా? తల్లి దినాల తర్వాత ఆ పిల్ల రాకపోకలు తగ్గించింది. షెఫీల్డ్‌లో తను పాఠాలు చెప్పే బడిలో పని ఎక్కువని చెప్పేది. బడిపనేనా? "రా నాన్నా, అమ్మ కోసమైనా రా" అంది మొన్న ఫోన్లో. అమ్మ కోసమైనా అంటే? అమ్మకు చేసినదానికి ఇదైనా చెయ్యమనా?

"ఏమయ్యా, ఉప్పులో ఊరగాయ పెడుతున్నావా?"

ట్రెవ్ గొంతుకు ఉలిక్కిపడి చూశాడు. చేపలు ఎప్పుడో తియ్యాల్సింది. అంచులు గట్టిపడి తెల్లబారాయి. డెస్ చేతిలో తొట్టి పాడవడం ఆ గూటివాళ్ళెవరూ ఎరగరు.

ట్రెవ్ చేతులు దోపి చేపల్ని తనే పైకి తీశాడు.

"పొద్దున గూడు ఎక్కి అలిసిపోయావు. ఇంటికి పో. ఇవి నేను గుచ్చుకుంటాను, నిప్పు కూడా వేస్తాను." చేతులు తుడుచుకుంటూ, "నవ్వులాటకి అన్నాన్రా," అన్నాడు.

"నవ్వులాట కాదు. నువ్వు నమ్మావు."

డెస్ ఏప్రను విప్పి మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా ఫోను దగ్గర కూర్చున్నాడు. బయట ఇంకా వెలుగుంది. గోడ అవతల పక్కింటివాళ్ళ టీవీలో ఇద్దరు పెద్దమనుషులు అరుచుకుంటున్నారు. డెస్ నంబరు నొక్కాడు.

"రానని చెప్పడానికేగా?" అంది గెయిల్. "నాలుగోసారి వినక్కర్లేదు నాన్నా."

"కాదు. ఒకటి అడగాలి."

"ఊఁ."

"మీ అమ్మ ఓటు. నేను గీసింది."

"ఊఁ."

"సరిగ్గానే గీశాననుకుంటున్నావా?"

అవతల కుళాయి కట్టేసిన చప్పుడైంది.

"ఎవడన్నాడు? ఆ ట్రెవ్ గాడేనా?"

"ఎవడైతేనేం. నువ్వు చెప్పు."

"నాన్నా, అమ్మకి పోయింది చేతులు. కళ్ళు కాదు." గెయిల్ గొంతులో విసుగు ఉంది, విసుగు కింద ఇంకేదో ఉంది. "ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. రిసీవరు నువ్వే ఆమె చెవికీ భుజానికీ మధ్య ఇరికించి పెరట్లోకి పోయావు. గుర్తులేదా?"

"ఏమంది?"

"మీ నాన్న నాలిక బయటపెట్టి, కొత్తగా బళ్ళో వేసిన పిల్లాడిలా గీశాడే అంది. ఒక గీత గీసి నా మొహం చూశాడు, తల ఊపాక రెండోది గీశాడు అంది. వెనక ఎవరో దగ్గారట. అయినా తొందరపడలేదట. తనది మాత్రం నిలబడి చటుక్కున గీకి పడేశాడంది."

డెస్ ఫోనును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"నాకు గెలుపు రాకపోయినా ఫర్వాలేదే, నా పని ఇంత ఒబ్బిడిగా ఎవరూ చేసిపెట్టలేదు అంది. నవ్వింది. తర్వాత ముక్కు చీదింది. చీదడానికి చెయ్యి లేదుగా, భుజానికి తుడుచుకుని ఉంటుంది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నీకు తెలుసనుకున్నాను. పక్కనున్నది నువ్వేగా!"

డెస్ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు. ఆ తెర చాటున కాగితం, ఆమె తల ఊపడం తప్ప అతనికి ఇంకేదీ పట్టలేదు. తను గీసే తీరును ఆమె చూస్తోందని తెలియదు. చూసింది. చూసి, కూతురి దగ్గర దాచిపెట్టింది. ఇక లండన్‌లో ఏ పెద్దమనిషి ఏ పెట్టెను తిరగబోసినా అది పోదు.

"రేపు ఎన్నింటికి?" అన్నాడు.

"ఏంటి?"

"ఎన్నింటికి బయల్దేరాలి?"

"పొద్దున్నే. కారు నీ గుమ్మం ముందుంటుంది. మీ ఊళ్ళోంచే ఊరేగింపు బస్సు."

"నేను అరవను."

"వద్దు."

"అట్టముక్కలు పట్టుకోను. మళ్ళీ పెట్టాలని నేనేం అనడం లేదు. చేసింది చేశాం."

"మరెందుకు వస్తున్నావు నాన్నా?"

"నీ పక్కన కూర్చోడానికి." వంగి బూటు తాడు విప్పుకున్నాడు. "ఒకవేళ పెట్టారనుకో. నా దగ్గరుండేది ఒక్కటే. అది మీ అమ్మ గడిలో వేస్తాను. నాది నేను ఒకసారి వేసేసుకున్నాను. చాలు."

అవతల ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడైంది.

"కోడిగుడ్డు శాండ్విచ్‌లు చెయ్యనా దారికి?" అంది గెయిల్. ముక్కు బిగిసిపోయిన గొంతు.

"చెయ్యి. ఉల్లిపాయ వెయ్యకు."

ఫోను పెట్టేసి స్నానం చేశాడు. చేతులు రెండుసార్లు రుద్దుకున్నాడు. బస్సులో గెయిల్ పక్కన కూర్చోవాలి మరి. మేడ మీద బీరువాలోంచి తెల్లచొక్కా తీశాడు. భార్య పోయిన మగవాడి ఇంట్లో ఆమె వెనకే ఇస్త్రీ కూడా పోతుంది. మిగతావన్నీ ఎలాగో నేర్చుకుంటాడు. మెట్ల కింద వెతికి ఇస్త్రీబల్ల లాగి నిలబెట్టాడు. కాళ్ళు ఎలా విప్పాలో తెలియక వేలు నలగ్గొట్టుకుని, దాన్నొక బూతుమాట తిట్టాడు. తిట్టి, నోరీన్ వింటే ఏమనేదో తలచుకుని నవ్వుకున్నాడు.

కాలరు చేశాడు. ముందువైపు చేశాడు. బొత్తాల మధ్య ఇస్త్రీపెట్టె మొన పోనిచ్చి మెల్లగా నడిపాడు, నాలిక బయటపెట్టి. కుడిచెయ్యి అయింది. అది చూసుకుని తల ఊపుకున్నాడు. అప్పుడు భుజం బరువెక్కింది. పొద్దుటి కడ్డీల నొప్పి అనుకున్నాడు. ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేసి, ఒక్క నిమిషం కూర్చుందామని కిటికీ పక్క కుర్చీలో వాలాడు. వీధిదీపాలు వెలిగాయి. పక్కింటి టీవీలో వాళ్ళు అరుచుకుంటూనే ఉన్నారు.

తెల్లవారి గెయిల్ తలుపు కొట్టి, తర్వాత తన తాళంతో తీసుకుని లోపలికి వచ్చింది. గుండె అన్నాడు డాక్టరు. బాధపడి ఉండడన్నాడు. వాళ్ళు ఎప్పుడూ అదే అంటారు. బస్సు కాసేపు ఆగి, రెండు సీట్లు ఖాళీగానే బయల్దేరింది. లండన్‌లో లక్షలమంది నడిచారు. ఓటు మళ్ళీ ఎవరూ పెట్టలేదు.

డాక్టరు వెళ్ళాక గెయిల్ శాండ్విచ్‌ల డబ్బా చేత్తో పట్టుకునే గదిలో నిలబడిపోయింది. ఇస్త్రీబల్ల మీద తెల్లచొక్కా పరిచి ఉంది. కాలరు, రొమ్ము, కుడిచెయ్యి ఒక్క ముడత లేకుండా ఉన్నాయి. ఎడమచెయ్యి మాత్రం ముడతలు ముడతలుగా బల్ల అంచు మీంచి కిందికి వేలాడుతోంది.