గోడ మీద బురద

జిగురు గొట్టాలు ఉన్నచోట మూతల్లేవు. మూతలు దొరికిన చోట గొట్టాల్లేవు. గట్టిపడిన జిగురును కత్తెర మొనతో గీకుతూ నోలీన్ టీచరు తనలో తనే సణుక్కుంటోంది. ముప్ఫై ఏళ్లుగా చెబుతోంది, వాడగానే మూత పెట్టండర్రా అని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

బయట మే నెలాఖరు వాన. వరండాలో గోడ వారగా పిల్లల రబ్బరు బూట్లు, పేడా బురదా కలిసిన వాసనతో. లోపల తడి మేజోళ్ల వాసన. నోలీన్ మోకాలికి పట్టీ, మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు, మోచేతుల దగ్గర రంగులంటిన ఊలు కోటు. వైకాతో అనే ఈ ప్రాంతంలోని పాలరైతుల ఊరి బడికి రెండు టర్ములకని వచ్చింది. పాల ట్యాంకరు నడిపే బారీని చేసుకుంది. ఇక కదల్లేదు.

తరగతి వెనక గోడంతా అడవి. వచ్చిన మొదటి సంవత్సరం నిచ్చెనెక్కి తనే వేసింది. ప్రతి మే నెలలోనూ పిల్లలు తమ దేశపు పక్షుల మీద అయిదేసి వరుసల కవిత రాస్తారు, బొమ్మ వేస్తారు, ఆ గోడ మీది చెట్లకి అంటిస్తారు. నెల చివరి శుక్రవారం తల్లిదండ్రులొచ్చి చూస్తారు. జూన్ ఒకటికి పాలరైతుల ఒప్పందాలు మారి పనివాళ్లు వేరే ఊళ్లకి వెళ్లిపోతారు కాబట్టి ప్రతి ఏడూ సగం బల్లలు ఖాళీ అవుతాయి. అందుకే ఆ శుక్రవారం వెళ్లిపోయేవాళ్ల కోసం నోలీన్ అరటిపండు కేకు చేసుకొస్తుంది. మొదటి ముక్క వాళ్లకే.

ఇవాళ బుధవారం. గోడ ఇంకా సగం కూడా నిండలేదు.

"మొదటి వరుసలో పక్షి పేరు. రెండో వరుసలో అదెలా ఉంటుందో. మూడో వరుసలో ఏం చేస్తుందో. ఇది కూడా రాకపోతే ఎలారా?"

ఫిన్లే చెయ్యెత్తాడు. "మిస్, కివీ ఏమీ చెయ్యదు."

"నడుస్తుంది కదా!"

"ఎగరదు అని రాశాను మిస్. అయిదు వరుసల్లోనూ అదే రాయొచ్చా?"

"రాయి నాయనా, రాయి. శుక్రవారం మీ అమ్మ చూసి మురిసిపోతుంది."

వాడు నిజంగానే రాయడం మొదలుపెట్టాడు. నోలీన్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. కిటికీ పక్క బల్ల దగ్గర మెరెయానా కాగితం మీద ఒక్కటే మాట ఉంది. కువాకా. దాని కింద తెల్ల కాగితం. తొమ్మిదేళ్ల పిల్ల, ఒంటి మీద పొడుగు చేతుల పెద్దవాళ్ల స్వెట్టరు. ఫిబ్రవరిలో చేరింది. వాళ్ల నాన్న హేమీ పాలు పితికే పనిలో ఉన్నాడు.

"ఇదేంటమ్మా? నేనిచ్చిన బొమ్మల్లో ఒకటి తీసుకోమన్నాను కదా. అందులో కువాకా ఉందా?"

"లేదు మిస్."

"మరి?"

"తూయీ మీద పోయిన బళ్లో రాశాను. దాని ముందు బళ్లో కివీ. దాని ముందు బళ్లో కూడా కివీయే. ఎక్కడికెళ్లినా పక్షులే చెప్తారు మిస్."

"అయితే కెరెరూ రాయి. లావుగా ఉంటుంది, పళ్లు తింటుంది, అయిపోయింది."

"కువాకాలు మా నాన్నమ్మ వాళ్ల సముద్రం దగ్గరుంటాయి. నేను చూశాను."

"నాకు తెలీదా? బురదలో నిలబడే పక్షి. నా గోడ మీద అడవుంది గానీ బురద ఎక్కడుంది? దాన్ని చెట్టెక్కించనా?" పిల్లలు పకపకా నవ్వారు. నవ్వు వినపడితే నోలీన్ నోరు ఆగదు. "అయినా అవి ఉండేది ఎన్నాళ్లు? మార్చి వచ్చేసరికి మూటా ముల్లే కట్టుకుని అలాస్కా చెక్కేస్తాయి. ఇక్కడ ఉండే పక్షి ఒక్కటీ దొరకలేదా నీకు?"

"సెప్టెంబరుకి వస్తాయి మిస్," అంది మెరెయానా మెల్లగా. తర్వాత పెన్సిలు బల్ల మీద పెట్టేసి కిటికీలోంచి వానను చూస్తూ కూర్చుంది. బెల్లు కొట్టేదాకా ఆ కాగితం మీద ఇంకో అక్షరం పడలేదు.

మధ్యాహ్నం వాన ఎక్కువైంది. పిల్లలంతా పక్కగదిలో టిఫిన్ డబ్బాలు తెరిచారు. నోలీన్ నిలబడే సగం రొట్టె తిన్నది. జిరాక్సు మిషను కాగితం నమిలేసింది. హెడ్మాస్టరు తలుపులోంచి తొంగిచూసి, "గోడ అవుతుందా నోలీన్?" అని అడిగి జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. గోరుచుట్టు మీద రోకలిపోటు.

మిగతా రొట్టె డబ్బాలో పెట్టి మూసేసింది. కువాకా మన పక్షేనని ఆవిడకి తెలియక కాదు. బద్ధకం. ముప్ఫై ఏళ్ల నాటి అడవిని ముట్టుకోవాలంటే బద్ధకం. దానికి తోడు నోటిదురుసు. నాలుగు నెలల్లో నోరు విప్పి ఇది కావాలి అని అడగని పిల్ల మొదటిసారి ఒక పక్షిని అడిగితే, తరగతి ముందు నవ్వులపాలు చేసింది. తన మీద తనకే ఒళ్లు మండింది.

"ఒక్క పిల్ల కోసం, ఈ మోకాలితో," అని తిట్టుకుంటూ గోధుమరంగు డబ్బా తెరిచి నేల మీద కూలబడింది. అడవి కింద, ఫెర్న్ మొక్కల వేళ్ల దగ్గర, గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా జానెడు వెడల్పున బురద వేసింది. అక్కడక్కడ కాస్త నీలం కలిపింది, నీళ్లు నిలిచినట్టు. నిజం చెప్పాలంటే బాగానే వచ్చింది.

బ్రష్షు కడగబోతుంటే బయట ట్రక్కు ఆగింది. వెనకాల పరుపులు, బట్టలుతికే మిషను, టార్పాలిన్ కింద కుక్క. హేమీ బూట్లు వరండాలో విడిచి మేజోళ్లతో గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం లోంచి నీళ్లు కారుతున్నాయి.

"మిస్, పిల్లని తీసుకెళ్తున్నా."

"ఇప్పుడేంటి? శుక్రవారం దాకా ఉంటారనుకున్నానే! కేకు చెయ్యొద్దూ నేను? గోడ చూడొద్దూ మీరు?"

"ట్రక్కు ఇవాళే దొరికింది మిస్. తెల్లారితే ఏరు పొంగుతుందంటున్నారు. కొత్త యజమాని రేపట్నుంచే రమ్మన్నాడు."

మెరెయానా అప్పటికే సంచి తగిలించుకుని వచ్చేసింది. ఇలా వెళ్లడం ఆ పిల్లకి అలవాటే. నోలీన్ దాని భుజం పట్టుకుని గోడవైపు తిప్పింది.

"ఇటు చూడు. బురద."

మెరెయానా చాలాసేపు చూసింది. వంగి వేలితో ముట్టుకుంది. వేలికి రంగు అంటింది.

"ఇంకా ఆరలేదు మిస్."

"ఆరుతుందిలే. నీ కువాకా ఇక్కడ నిలబడుతుంది. కవిత ఏదీ?"

"రాయలేదు. మీరు వద్దన్నారుగా."

కోపంగా అన్న మాట కాదు. ఉన్నమాట. నోలీన్ బల్ల మీది పెన్సిలు అందుకుంది. "తప్పు నాదేనమ్మా. నువ్వు చెప్పు, నేను రాస్తాను. రెండు వరుసలైనా చెప్పు."

పిల్ల పెదవి కొరుక్కుంటూ ఆలోచించింది. బయట కుక్క మొరిగింది. ట్రక్కు వెనక ఆగిన పాల ట్యాంకరు వాడు దారి కోసం హారన్ మోగించాడు.

"ట్రక్కులో ఆలోచిస్తా మిస్," అంది.

హేమీ బూట్లలో కాళ్లు దూర్చి, "దా, తడుస్తావు" అంటూ కూతుర్ని వీపు మీద ఎక్కించుకుని వానలో పరుగెత్తాడు. పిల్ల మేజోళ్ల పాదాలు రెండు వైపులా ఊగాయి. ట్రక్కు మలుపు తిరిగేదాకా నోలీన్ చెయ్యి ఊపుతూనే ఉంది. అద్దాల మీద ఆవిరి. అటునుంచి ఎవరైనా ఊపారో లేదో కనపడలేదు.

మధ్యాహ్నం లెక్కలు చెప్పింది. ఫిన్లేని రెండుసార్లు తిట్టింది. మూడు గంటలకి పిల్లలు ఒకళ్ల బూట్లలో ఒకళ్లు కాళ్లు పెట్టి, తోసుకుని, అరుచుకుని, బస్సెక్కేశారు. గది ఊడ్చి, కిటికీ పక్క బల్ల మీది కాగితాన్ని తీసి, కింద ఖాళీని కత్తిరించకుండా అలాగే బురద మీద అంటించింది. కువాకా. జిగురు గొట్టానికి మూత వెతికి పెట్టింది.

తాళం వెయ్యడానికి వరండాలోకి వచ్చింది. గోడ వారగా ఒక్క జత మిగిలింది. ఎర్ర రబ్బరు బూట్లు, చిన్నవి, ఒకటి పక్కకి ఒరిగి, అడుగున బురద ఇంకా తడిగానే ఉంది.